ఐదు తుంటి ఎముకల గొర్రె

ఆ రోజు ఈమాన్‌కుల్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఉదయం తొమ్మిదిన్నరకు పొట్టేలును రేడియో భవనంలోకి తేవాలి. పన్నెండింటి నాటకంలో అది మూడుసార్లు అరవాలి. ఒంటిగంటకు దాన్ని కారెక్కించాలి. నాలుగింటికల్లా దాని కొట్టంలో కట్టేయాలి. నాలుగున్నరకు దాని యజమాని ఇంటికొస్తాడు. అంటే అరగంట మిగులుతోంది. ఆ అరగంటలో పొట్టేలు ఒళ్ళు దులిపి, ఏమీ జరగనట్టు దాని మొహం కూడా కడగవచ్చు.

యజమాని పేరు బేషెనాలీ. ఈమాన్‌కుల్ భార్య కల్‌బుబుకు స్వయానా అన్న. మేలుజాతి పొట్టేళ్ళ పెంపకంలో అంతటివాడు లేడు. ఆయన మందకు రాజు బాల్బన్. నూట నలభై కిలోల బరువు, వెనక రెండు దిండ్లు కట్టినట్టు తోక, గుహలోంచి వచ్చినట్టు గొంతు. కొత్త కారు ఇస్తామన్నా బేషెనాలీ దాన్ని అమ్మలేదు. చెల్లెలి మొగుడి మీద మాత్రం ఆయనకు అంత గురి లేదు. రేడియోలో జీతం తీసుకుని, చెక్క గిన్నెలు నేలకేసి కొట్టి గుర్రం డెక్కల చప్పుడు చేసేవాడిని మగాళ్ళ లెక్కలో వేయడానికి ఆయనకు పద్నాలుగేళ్ళుగా మనసొప్పలేదు.

అలాంటి మనిషి పొట్టేలును అడక్కుండా తేవడానికి కారణం సైరాకాన్. ఆమె నాటక విభాగానికి పెద్ద. ఆ రోజు రేడియోలో మాటల పండుగ. ఏడాదికి ఒక్కసారి, ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఒక్క పాట కూడా ఉండదు. ప్రసంగాలు, చర్చలు, కథలు, నాటకాలు, అన్నీ అప్పటికప్పుడు గాలిలోకి వెళ్ళిపోతాయి. దేశం మొత్తం చెవులు రిక్కించుకుని కూర్చునే రోజు.

"మళ్ళీ ఆ టేపు పెట్టారంటే నేను రాజీనామా చేస్తాను," అంది సైరాకాన్ ముందురోజు. "యాభై ఏళ్ళుగా ఒకటే గొర్రె అరుపు! ఖాన్‌ల నాటకంలోనూ అదే, యుద్ధం నాటకంలోనూ అదే. పోయిన నెల ఒకాయన ఉత్తరం రాశాడు, ఆ గొర్రె ఆరోగ్యం ఎలా ఉందని! రేపటి నాటకంలో తప్పిపోయిన పొట్టేలు కొండ అవతల నుంచి పిలవాలి, ఖాన్ గుండె కరగాలి. నాకు మగ గొంతు కావాలి, ఈమాన్‌కుల్ గారూ. బతికున్న గొంతు."

అలాంటి గొంతు రాజధాని చుట్టుపక్కల ఒకటే ఉంది. కల్‌బుబు మొదట ఒప్పుకోలేదు. తరువాత అన్న కొట్టం తాళంచెవి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "అన్నయ్య కొచ్కోర్‌లో ఎవరిదో మంద చూడడానికి పోతున్నాడు, నాలుగున్నర దాకా రాడు. నాలుగింటికి బాల్బన్ కొట్టంలో లేకపోతే మాత్రం మీరూ ఇంటికి రావద్దు," అంది.

సరిగ్గా తొమ్మిదిన్నరకు బాల్బన్ రేడియో భవనంలో అడుగుపెట్టింది. నాటకం జరిగే మూడో స్టూడియో మేడ మీద, వసారా చివర ఉంది. దాని ముందు రెండో స్టూడియో. అందులో 'పెద్దల మాట' కార్యక్రమం నడుస్తోంది. నారిన్ కొండల నుంచి వచ్చిన ఎనభై ఎనిమిదేళ్ళ రిస్కెల్దీ తాత, అరవై ఏళ్ళు గొర్రెలు కాసినవాడు, మంచుకాలాల గురించి చెబుతున్నాడు. ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతున్నది జిపారా, రేడియోలో అందరికన్నా తియ్యటి గొంతున్న పిల్ల. ఇద్దరి మధ్య బల్ల మీద పళ్ళెం నిండా అప్పుడే నూనెలో వేయించిన బూర్సోక్ పిండి ముక్కలు. గది ఉక్కగా ఉందని తలుపు ఓరగా తీసి పెట్టారు.

వేడి బూర్సోక్ వాసన వసారాలోకి వచ్చింది. బాల్బన్ ఆగింది. ఈమాన్‌కుల్ తాడు లాగాడు. తాడుకు అటువైపు నూట నలభై కిలోలు, ఇటువైపు అరవై రెండు కిలోలు. ఎవరు ఎవరిని లాగారో వేరే చెప్పక్కర్లేదు. మరుక్షణంలో తలుపు బార్లా తెరుచుకుంది. గుమ్మంలో పొట్టేలు నిలబడి ఉంది. దాని పక్కన, తాడు పట్టుకుని, వంగి, రొప్పుతూ ఈమాన్‌కుల్.

తాత చెబుతున్నది ఆపాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు గుమ్మంలోకి గొర్రెను తెచ్చి చూపించడం ఆయన పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఇదిగో, మీకోసం కోయబోయేది దీన్నే, దీవించండి అని దానికి అర్థం. మరో అర్థం ఉండవచ్చన్న అనుమానం ఎనభై ఎనిమిదేళ్ళలో ఆయనకు ఒక్కసారి కూడా కలగలేదు.

"అయ్యో, ఎందుకు నాయనా ఇంత శ్రమ! ముసలాణ్ణి, ఒక గిన్నెడు టీ పోస్తే చాలదూ?" అంటూనే ఆయన దీవెన ఇవ్వడానికి రెండు అరచేతులూ చాచాడు.

ఈమాన్‌కుల్ తల అడ్డంగా ఊపాడు. కాదు తాతా అనబోయాడు. కానీ పెద్దాయన అరచేతులు చాచాక మధ్యలో నోరెత్తడం తాగుబోతులు కూడా చేయని పని. జిపారా అరచేతులు వాటంతటవే తెరుచుకున్నాయి. అద్దం వెనక ఇంజనీరు మీటల మీద నుంచి చేతులు తీసి తానూ చాచాడు. ఈమాన్‌కుల్ కూడా చాచాల్సి వచ్చింది. రెండు చేతులూ కావాలి కాబట్టి తాడు వదిలేశాడు. బాల్బన్ తీరుబడిగా బల్ల దగ్గరికి నడిచి బూర్సోక్ తినసాగింది.

"ఈ ఇంటి పొయ్యి ఎన్నడూ ఆరకూడదు," అన్నాడు తాత, మైకులోకి, దేశం మొత్తం వినేలా. "ఈ గుమ్మం దాటినవాడు ఆకలితో పోకూడదు. ఈ పొట్టేలును నాకోసం కోస్తున్నవాడి మంద కొండ నిండా పరుచుకోవాలి. వాడి మాట వెనక్కి పోకూడదు. ఓమిన్!"

"ఓమిన్," అంది జిపారా మొహం తడుముకుంటూ. ఓమిన్ అన్నాడు అద్దం వెనక ఇంజనీరు. ఓమిన్ అన్నాయి ఊళ్ళో టాక్సీలు, వంటిళ్ళు, మంగలి దుకాణాలు, కొండ మీద గుడారాలు. ఈమాన్‌కుల్ పెదవులు కూడా అలవాటు కొద్దీ ఓమిన్ అన్నాయి. అయిపోయింది. దీవెన పడిన గొర్రెకు ఇక వెనక్కి దారి లేదు.

"ఇలాంటి జీవాన్ని నేను చూసి ముప్పై ఏళ్ళయింది," అన్నాడు తాత, బాల్బన్ వెన్ను తడుముతూ. "ఎవరిది నాయనా ఇది?"

పెద్దాయన మొహం మీద అబద్ధం ఆడడానికి ఈమాన్‌కుల్‌కు నోరు రాలేదు. "మా బావగారిది, తాతా. బేషెనాలీ అని..."

"బేషెనాలీ! నాయనా, నువ్వు ఎక్కడున్నా నూరేళ్ళు బతుకు! ఇంత జీవాన్ని నేనొక్కణ్ణే ఏం తింటాను? ఈ ఊళ్ళో ఉన్న మా నారిన్ వాళ్ళు ఎవరైనా వింటుంటే సాయంత్రం నాలుగింటికి ఇక్కడికి వచ్చేయండి!"

రాజధానిలో సగం మంది ఏదో ఒక తాత వైపు నుంచి నారిన్ వాళ్ళే.

ఈమాన్‌కుల్ పొట్టేలును మూడో స్టూడియోలోకి తోసి తలుపు వేశాడో లేదో జేబులో ఫోను మోగింది.

"విన్నాను," అంది కల్‌బుబు. ఆమె గొంతు మామూలుగా ఉంది. అది ఇంకా భయంకరం. "వదిన విన్నది. పక్కింటి వాళ్ళు విన్నారు. అన్నయ్య కారులో రేడియో తప్ప ఇంకేం పనిచేయదు. అన్నయ్యా వినే ఉంటాడు."

"ఫోను చేశాడా?"

"చేయలేదు. అదే నా భయం. కోపమొస్తే అరుస్తాడు. మరీ కోపమొస్తే బయల్దేరి వస్తాడు."

కొచ్కోర్ నుంచి రాజధానికి మూడు గంటల దారి. ఈమాన్‌కుల్ పరుగున డైరెక్టరు శార్షెన్‌బెక్ గదికి వెళ్ళాడు. డైరెక్టరు రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని ఊగిపోతున్నాడు.

"ఈమాన్‌కుల్! ఏం బుర్రయ్యా నీది! పదేళ్ళుగా ఇంతమంది ఫోన్లు చేయలేదు. నాలుగింటికి ధాన్యం ధరల మీద ప్రసంగం ఉంది, తీసేశాను. ఆవరణలో విందు, విందు నుంచే ప్రసారం!"

"సార్, అది నా పొట్టేలు కాదు సార్. నాటకం కోసం తెచ్చాను. పొరపాటున..."

డైరెక్టరు ఫోన్లు రెండూ కింద పెట్టాడు. "దేశమంతా ఓమిన్ అనేసిందయ్యా. ఇప్పుడు నేను మైకులో ఏం చెప్పను? తాతగారూ, మీకు పెట్టేది గొర్రెను కాదు, గొర్రె అరుపును అని చెప్పనా?"

ఇక మిగిలింది తాత ఒక్కడే. ఆయన నోటితో వద్దంటే వద్దు. టీ గదిలో ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఈమాన్‌కుల్ గొంతు సవరించుకున్నాడు. "తాతా, ఆ పొట్టేలు విషయం..."

"మంచిదే, చెప్పు. నాకూ ఒకటి గుర్తొచ్చింది," అన్నాడు తాత. "మా ఊళ్ళో ఒకడు దీవెన పడ్డ గొర్రెను కోయకుండా మళ్ళీ మందలోకి తోలాడు. ఆ ఏడే వాడి ఇంటి కప్పు కూలింది. పెళ్ళాం పుట్టింటికి పోయింది. మీసాలు రాలిపోయాయి."

"మీసాలా?"

"మీసాలే. పొద్దున లేచి చూస్తే దిండు మీద ఉన్నాయి. ఊఁ, నువ్వేదో అంటున్నావ్?"

ఈమాన్‌కుల్ మీసాలు తడుముకున్నాడు. "ఏం లేదు తాతా. టీలో పాలు సరిపోయాయా అని."

పన్నెండింటికి నాటకం మొదలైంది. చెప్పుకోవలసిన సంగతి ఏమిటంటే నాటకం అద్భుతంగా వచ్చింది. ఖాన్ వేషం వేసిన తుర్గున్‌బాయ్ కొండల వైపు తిరిగి తన పొట్టేలును పిలిచాడు. సైరాకాన్ చేయి ఊపింది. బాల్బన్ మెడ చాచి అరిచింది. అద్దాలు అదిరాయి. రెండోసారి అరిచేసరికి సైరాకాన్ కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. మూడోసారి అరిచేసరికి ఫోన్లు ఆగకుండా మోగడం మొదలైంది. ఫోను చేసినవాళ్ళలో సగం మంది ఆ పొట్టేలును కోయవద్దని ఏడ్చారు. మిగతా సగం మంది నాలుగింటికి అంటే సరిగ్గా నాలుగింటికేనా అని అడిగారు.

దారి చూపించింది తుర్గున్‌బాయ్. ఖాన్ కిరీటం తీసి చంకలో పెట్టుకుని ఈమాన్‌కుల్‌ను పక్కకు పిలిచాడు.

"ఎందుకు కుమిలిపోతావ్, అన్నా? ఉడికిన గొర్రెకు మొహం ఉంటుందా? మా పెరట్లో ఒకటుంది. కాస్త సన్నగా ఉంటుంది, మనసు మాత్రం మంచిది. దాన్ని కోద్దాం. నీ బాల్బన్ మూడో స్టూడియోలోనే ఉంటుంది. గోడలకు అంత మందాన దూది కొట్టింది ఎందుకు? లోపల ఫిరంగి పేలినా బయటికి వినిపించదు."

ఈమాన్‌కుల్ ఆ క్షణంలో తుర్గున్‌బాయ్‌ని నిజంగానే ఖాన్‌లా చూశాడు. ఒంటిగంటకు ఆ సన్నని గొర్రె వచ్చింది. క్యాంటీన్ వంటమనిషి బత్మా దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"అంతా బాగానే ఉంది. దీని తోకేదయ్యా?"

"ఉందిగా!"

"నా అరచేయి ఇంతకన్నా పెద్దది. ముసలాయన పొద్దున మీ పొట్టేలు వెనక అరగంట నిలబడి తోక తడిమాడు. తోక కొవ్వంతా ముక్కలు చేయకుండా తెచ్చి నా ముందు పెట్టండి, చూసి ఆనందిస్తా అన్నాడు. దీన్ని పెడితే ఆనందించడు, కళ్ళజోడు అడుగుతాడు."

ఈమాన్‌కుల్ బజారుకు పరిగెత్తాడు. ముగ్గురు కసాయిల దగ్గర మూడు పెద్ద తోకలు కొన్నాడు. బత్మా వాటిని దబ్బనంతో ఒకటిగా కుట్టింది. తల ప్రాణం తోకకు రావడం అంటే ఏమిటో ఈమాన్‌కుల్‌కు ఆ గంటలో తెలిసివచ్చింది. రెండింటికే కిటికీలోంచి చూస్తే ఆవరణలో అరవై మంది. రెండుంపావుకు నూట ఇరవై. తాత చెల్లెలి మనవళ్ళు, మనవళ్ళ వియ్యంకులు, ఆ వియ్యంకులకు దారి చూపించిన టాక్సీ డ్రైవరు.

"ఒక గొర్రె వీళ్ళకు వాసనకు కూడా చాలదు," అంది బత్మా.

ఇంకో రెండు గొర్రెలు వచ్చాయి. మూడు గొర్రెలు ఒకే పెద్ద కాగులో ఉడికాయి. రెండు తలలను వార్తలు చదివేవాళ్ళ అలమరాలో దాచారు. బయటికి మాత్రం అది ఒకే ఒక్క బాల్బన్.

నాలుగింటికి విందు మొదలైంది, ప్రసారమూ మొదలైంది. తెల్ల గడ్డాల పెద్దలు వయసు వరుసన కూర్చున్నారు. వినేవాళ్ళకు ఏమీ కనబడదు కాబట్టి జరిగేదంతా మాటల్లో చెప్పే పని జిపారాది. ఆమె ఆ పనిని గుర్రప్పందెం వర్ణించినంత ఉత్సాహంగా చేసింది.

"తోక వస్తోంది, శ్రోతలారా! ఇద్దరు మోస్తున్నారు! రిస్కెల్దీ తాతగారి కళ్ళలో నీళ్ళు! ఇదిగో తల, తాతగారి ముందు పెట్టారు! ఇప్పుడు పెద్దల వంతు. మొదటి తుంటి ఎముక... అత్‌బాషీ నుంచి వచ్చిన ఎనభై నాలుగేళ్ళ పెద్దాయనకు! రెండో తుంటి ఎముక... ఎనభై రెండేళ్ళ ఆయనకు!"

ఈమాన్‌కుల్ ఊపిరి పీల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే బత్మా కొత్త పళ్ళెం పంపింది. కాగులోంచి చేతికందింది పంపడమే తప్ప లెక్క చూసుకునే తీరిక ఆమెకు లేదు.

"మూడో తుంటి ఎముక..." అంది జిపారా, అదే ఉత్సాహంతో. తరువాత ఒక్క క్షణం ఆగింది. జిపారా కూడా గొర్రెలున్న ఇంట్లోనే పుట్టింది. "మూడో తుంటి ఎముక, శ్రోతలారా... ఎనభై ఏళ్ళ ఆయనకు."

ఆ దేశంలో నడక వచ్చిన ప్రతి బిడ్డకూ గొర్రెకు తుంటి ఎముకలు రెండని తెలుసు. తెల్ల గడ్డాలు ఒకరి పళ్ళెంలోకి ఒకరు చూసుకున్నారు. నాలుగోది వచ్చింది. పైన ఫోన్లు మోగడం కింద ఆవరణలోకి వినిపించింది. ఐదోది వచ్చేసరికి జిపారా దాన్ని వర్ణించకుండా ఆకాశం ఎంత నీలంగా ఉందో చెప్పడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఇది గొర్రా, జెర్రా?" అన్నాడు ఎనభై నాలుగేళ్ళాయన.

రిస్కెల్దీ తాత కళ్ళు మూసుకున్నాడు. తోక కొవ్వు చప్పరిస్తున్నాడు.

ఈమాన్‌కుల్ గోడ వెంబడి మెల్లగా జారుకోబోయాడు. గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది. కారులోంచి బేషెనాలీ దిగాడు. జనం లేచి నిలబడ్డారు. ఎవరో బేషెనాలీ అని అరిచారు. పది మంది ఆయన చేతులు పట్టుకున్నారు, ఇద్దరు కౌగిలించుకున్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, గడ్డం మాత్రం పైకెత్తి ఉంది. ఈ మనిషి పొట్టేలు కోసం ఏడ్చాడు, ఇప్పుడు నన్ను చంపుతాడు అనుకున్నాడు ఈమాన్‌కుల్. కానీ తన దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది. జనంలోకి దూరి బావగారి చేయి పట్టుకుని మెట్ల వైపు లాక్కుపోయాడు.

"ఒక్క నిమిషం రండి బావగారూ, ఒకటి చూపిస్తాను. మాట్లాడకుండా రండి."

వాళ్ళు మెట్లెక్కుతుండగా గడియారం నాలుగున్నర కొట్టింది. ఆ రోజు కార్యక్రమాల కాగితం ప్రకారం నాలుగున్నరకు మూడో స్టూడియో నుంచి 'నాటకం మీద శ్రోతల ప్రశ్నలు'. జవాబులు చెప్పవలసిన సైరాకాన్ ఆవరణలో ఎముక చీకుతోంది. ఆమె సంగతి తెలియని ఇంజనీరు, ఆకాశం వర్ణన ఇక చాలనుకుని, వేళకు సరిగ్గా మూడో స్టూడియో మీట పైకెత్తాడు. స్టూడియోలో బల్ల మీది ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపానికీ తలుపుకూ మధ్య నూట నలభై కిలోల బాల్బన్ అడ్డంగా నిలబడి ఉంది.

"చూడండి," అన్నాడు ఈమాన్‌కుల్, తలుపు మూసి, గర్వంగా. "వెంట్రుక కూడా రాలలేదు!"

బేషెనాలీ చూశాడు. ఒక్క ఉదుటున పొట్టేలు మెడ కౌగిలించుకుని దాని ఉన్నిలో మొహం దాచుకున్నాడు. కాసేపు వెక్కిళ్ళు వినిపించాయి. తరువాత ఆ వెక్కిళ్ళు ఆగిపోయాయి. ఆయన మెల్లగా తల ఎత్తాడు.

"బతికే ఉందా?"

"నిక్షేపంలా ఉంది, బావగారూ!"

"ఎవరికైనా తెలుసా?"

"ఎవ్వరికీ తెలీదు. కింద వాళ్ళు తింటున్నది బజారు గొర్రెలు."

"ఓరి నీ కొంప తగలెయ్యా!" బేషెనాలీ నేల మీద చతికిలబడ్డాడు. "ఎంత పని చేశావయ్యా! పొద్దున రేడియోలో విని కారు ఆపి మధ్యాహ్నం దాకా ఏడ్చాను. నిన్ను ఏం చేయాలో కూడా అనుకున్నాను, అది ఇప్పుడు చెప్పను. తర్వాత పెట్రోలు బంకులో ఆగితే వాడు నా చేయి పట్టుకుని, బేషెనాలీ అంటే మీరేనా, మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా అన్నాడు. బోమ్ కనుమలో బండి గాలిలా తోలుతుంటే పోలీసు ఆపాడు. ఆపి కౌగిలించుకున్నాడయ్యా! పోలీసు! టీ కొట్టు ముసలమ్మ నా నుదురు ముద్దు పెట్టుకుంది. మా జిల్లా అధికారి ఫోను చేసి నా గొంతు విన్నందుకు సంతోషమన్నాడు. మూడు గంటల పాటు ఈ దేశంలో నాకన్నా దాత లేడు. ఇప్పుడేమో పెద్దాయన పళ్ళెంలో బజారు గొర్రెను పెట్టిన పిసినారిని!"

"అయితే... దీన్ని కోసేద్దామా?"

"దీన్నా?" బేషెనాలీ మళ్ళీ బాల్బన్‌ను కౌగిలించుకున్నాడు. "దీన్ని ముట్టుకుంటే చేతులు విరిచేస్తా."

"మరేం చేయమంటారు?"

"కోసినట్టే ఉండాలి, కోయకూడదు. ఉత్తుత్తి చప్పుళ్ళకు జీతం తీసుకుంటావు కదా? ఏదో ఒకటి చెయ్యి!"

యజమాని కౌగిలి వదలగానే బాల్బన్ సంతోషం పట్టలేక రెండడుగులు పక్కకు జరిగింది. మైకు దాని మూతికి జానెడు దూరంలో ఉంది. అది నోరు తెరిచి, నాటకంలో కన్నా గట్టిగా అరిచింది.

ఆ అరుపు కింద ఆవరణలో పెట్టిన పెద్ద స్పీకర్లలో దద్దరిల్లింది. ఈమాన్‌కుల్ బల్ల వైపు చూశాడు. పొట్టేలు జరిగిన చోట ఎర్ర దీపం చక్కగా వెలుగుతోంది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ అరుపు ఒక్కటే కాదు, బావగారు బతికే ఉందా అన్న దగ్గర నుంచి ప్రతి మాటా పామీర్ సరిహద్దు దాకా వెళ్ళిపోయింది.

తలుపు తెరుచుకుంది. చేతికర్ర పట్టుకుని రిస్కెల్దీ తాత. ఆయన వెనక డైరెక్టరు, జిపారా, ఎముక చేతిలో పట్టుకున్న సైరాకాన్, వాళ్ళ వెనక వసారా నిండా నారిన్ జనం. ఇంజనీరు మీట దించాలా వద్దా అని అద్దం వెనక నుంచి చూశాడు. డైరెక్టరు వద్దన్నట్టు తల ఊపాడు.

తాత నేరుగా ఈమాన్‌కుల్ ముందుకు వచ్చాడు. "పొద్దున నేను దీవెన ఇచ్చింది దేనికి?"

"దీనికే తాతా," అన్నాడు ఈమాన్‌కుల్.

"దీన్ని నాకోసం గుమ్మంలో నిలబెట్టారా, లేదా?"

"నిలబెట్టాం తాతా."

"అయితే ఇది ఎవరిది?"

ఈమాన్‌కుల్ బావగారి వైపు చూడలేకపోయాడు. "మీదే తాతా."

"నాదాన్ని ఎప్పుడు కోయాలో, అసలు కోయాలో వద్దో చెప్పాల్సింది ఎవరు?" తాత బోసినోరు తెరిచి అందరికీ చూపించాడు. "చూశారుగా, ఒక్కటీ లేదు. ఇందాకటి నుంచి కొవ్వు చప్పరిస్తూ కూర్చున్నా. నాకు మాంసమెందుకు? కానీ ఇంటి దగ్గర నూట పది ఆడ గొర్రెలున్నాయి. వాటికి కావలసింది విందు కాదు, మొగుడు. ఈ పెద్దమనిషిని నేను బతికుండగానే తీసుకుపోతాను."

వసారా మొత్తం ఒక్కసారి గొల్లున నవ్వింది. నవ్వు ఆగాక అందరి కళ్ళూ బేషెనాలీ మీదికి మళ్ళాయి. బేషెనాలీ పొట్టేలును చూశాడు, ఎర్ర దీపాన్ని చూశాడు. లేచి నిలబడి, బాల్బన్ మెడలోని తాడు విప్పి, మళ్ళీ బిగించి, రెండు చేతులతో తాత చేతిలో పెట్టాడు.

"తీసుకోండి తాతా. చలికాలంలో దీనికి ఉప్పు ఎక్కువ కావాలి. పొద్దున్నే ఎడమ చెవి వెనక గోకాలి, లేకపోతే మేయదు."

"గోకుతాను," అన్నాడు తాత. "వచ్చే ఏడు పుట్టే పిల్లల్లో సగం నీవి, బేషెనాలీ. ఎర్ర దీపం వెలుగుతుండగా చెబుతున్నా, దేశం సాక్షి."

ఓమిన్ అన్నారందరూ. ఈసారి ఈమాన్‌కుల్ అందరికన్నా గట్టిగా అన్నాడు.

తరువాత ఆవరణలో మళ్ళీ కూర్చున్నారు. ఇక దాచవలసింది ఏమీ లేదు కాబట్టి బత్మా మిగిలిన రెండు తలలూ, ఆరో తుంటి ఎముకా ధైర్యంగా పంపింది. ఆరో ఎముక బేషెనాలీ ముందు పెట్టారు. ఆయన దాన్ని కాసేపు చూసి, ఈమాన్‌కుల్ పళ్ళెంలోకి తోశాడు.

"తిను. సన్నగా ఉన్నావు," అన్నాడు.

పద్నాలుగేళ్ళలో ఆయన ఈమాన్‌కుల్‌తో అన్న మొదటి మంచి మాట అది.

చీకటి పడకముందే తాతను, బాల్బన్‌ను రేడియో వారి జీపులో ఎక్కించారు. పొట్టేలు వెనక సీటంతా ఆక్రమించింది. తలుపు వేయబోతున్న ఈమాన్‌కుల్ చెవి పట్టుకుని తాత దగ్గరికి లాక్కున్నాడు.

"గొర్రె మారిందని మూడో తుంటి ఎముక దగ్గరే తెలిసిందిరా."

"మరి అప్పుడే అనలేదేం తాతా?"

"తోక బాగుంది."

నారిన్‌కు ఐదు గంటల దారి. ఆ జీపు చేరడానికి మూడు రోజులు పట్టింది. రేడియో విన్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ రోడ్డుకు అడ్డం నిలబడి బాల్బన్‌ను కిందికి దింపించారు, పిల్లలను దాని పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. కత్తి నుంచి తప్పించుకున్న ఆ పొట్టేలు గౌరవార్థం ఊరికొక గొర్రెను కోశారు.